ముంజకాయ బండి, నాలుగు చింతగింజలు: ఆటవస్తువులు మన బుద్ధికి ఏమి నేర్పుతాయి?

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల బొమ్మల దుకాణాల్లో చాలా డబ్బాల మీద ఇప్పుడు ఒకే రకమైన హామీ కనిపిస్తుంది. ఈ బొమ్మ కొంటే పిల్లల మెదడు చురుకవుతుందని, లెక్కలు వస్తాయని, ఏకాగ్రత పెరుగుతుందని. ప్రభుత్వం వైపు నుంచి కూడా దాదాపు అదే మాట వినిపిస్తోంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశగా విడదీసి, ఆ వయసులో చదువు ఆటపాటల మీదుగా సాగాలని చెప్పింది. దానికి అనుగుణమైన పాఠ్య ప్రణాళిక చట్రం 2022 అక్టోబరులో వచ్చింది. 2023 ఫిబ్రవరిలో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి బొమ్మలు, పజిళ్లు, చేతిబొమ్మలు, బొమ్మల కార్డులు కలిపి ‘జాదూయీ పిటారా’ అనే పెట్టెను విడుదల చేసింది.

ఇదంతా విన్న తల్లిదండ్రులకు అయోమయం తప్పడం లేదు. బడికి పంపేది ఆడుకోవడానికా అని అడిగేవారు మహబూబ్‌నగర్ పల్లెల్లోనూ ఉన్నారు, పట్నంలోనూ ఉన్నారు. ఆ ప్రశ్నను వెనకబాటుతనం అని కొట్టిపారేయడం అన్యాయం. పాలమూరు నుంచి వలస వెళ్లి, కూలి డబ్బుతో పిల్లల చదువు నడిపే తండ్రికి, బడిలో గడిచే ప్రతి గంటకూ లెక్క అడిగే హక్కు ఉంది.

అసలు చిక్కు ఏమిటంటే, ‘పిల్లలు ఆటవస్తువులతో నేర్చుకుంటారు’ అనే ఒక్క వాక్యంలో మూడు వాదనలు ఇమిడి ఉన్నాయి. ఆటవస్తువు వల్ల చేతికి, కంటికి, మనసుకు ఒక నేర్పు వస్తుందన్నది మొదటిది. ఆ నేర్పు బడిలోని లెక్కగా, పాఠంగా మారుతుందన్నది రెండోది. చిన్నప్పుడు చేతిలో తిరిగిన వస్తువు పెద్దయ్యాక కూడా మన ఆలోచనా తీరును నడిపిస్తుందన్నది మూడోది. మొదటిదానికి బలమైన ఆధారాలున్నాయి. రెండోది కొన్ని షరతుల మీద నిజం. మూడోది చాలావరకు జీవితకథల మీద నిలబడింది. ఈ మూడింటినీ విడదీయకుండా వాదిస్తే ఇరుపక్షాలూ సగం సగం నిజాలే చెబుతాయి.

బొమ్మ, బోధన సామగ్రి, ఆలోచనకు ఆసరా

పిల్లలు తమ ఇష్టం కొద్దీ, తమ నియమాలతో వాడుకునేది ఆటవస్తువు. ఒక నిర్దిష్టమైన విషయం నేర్పడం కోసం పెద్దలు తయారు చేసింది బోధన సామగ్రి. ఒకే వస్తువు రెండూ కావచ్చు. చింతగింజలు ఇంటి అరుగు మీద ఆటవస్తువు, ఒకటో తరగతిలో కూడికల సామగ్రి.

బోధన సామగ్రికి పెద్ద చరిత్రే ఉంది. జర్మనీలో ఫ్రీడ్రిష్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ పెట్టి, కొన్నాళ్లకు దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఉన్ని బంతులతో మొదలుపెట్టి చెక్క గోళం, ఘనం, ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే పెద్ద ఘనం వరకు వరసగా పిల్లల చేతికి ఇచ్చేవాడు. రోమ్‌లో మరియా మాంటిసోరి 1907లో ప్రారంభించిన బాలల ఇంట్లో గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద పిల్లలు వేలితో దిద్దేవారు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. అంతకు ముందే, 1920లో, గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయ్ బధేకా బాలమందిర్ నడిపాడు. వేలితో అక్షరం దిద్దడం అప్పటికే మన దక్షిణాది వీధిబడులకు పాత అలవాటు. ఇసుక మీద దిద్దే ఆ పద్ధతిని పద్దెనిమిదో శతాబ్దం చివర మద్రాసులో పనిచేసిన ఆండ్రూ బెల్ చూసి ఇంగ్లండుకు తీసుకుపోయాడు. దీనితోపాటు, ముందు నేర్చుకున్న పిల్లలు మిగతావారికి నేర్పే తీరును కూడా కలిపి అతను నడిపిన బోధనకు అక్కడ మద్రాసు విధానం అనే పేరు నిలిచింది. ఈ సంగతి మన ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో ఇంకా గట్టిగా చెప్పాలని నా కోరిక.

వస్తువు బుద్ధిని ఎలా తాకుతుందో వివరించినవారిలో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే ముఖ్యుడు. పిల్లలు లోకాన్ని అర్థం చేసుకోవడానికి మనసులో కొన్ని నమూనాలు కట్టుకుంటారని, కొత్త అనుభవం ఆ నమూనాలో ఇమిడితే ఇముడ్చుకుంటారని, ఇమడకపోతే నమూనానే సవరించుకుంటారని అతను చెప్పాడు. మరి ఆ నమూనాలు దేనితో కట్టుకుంటారు? చుట్టూ ఉన్న వస్తువులతోనే. జెనీవాలో పియాజే దగ్గర పనిచేసిన గణితవేత్త సీమోర్ పాపర్ట్ ఈ ప్రశ్ననే పట్టుకుని, కొన్ని వస్తువులు ఆలోచనకు ఆసరా అవుతాయని చెప్పాడు. ఆ వస్తువు ఎదురుగా లేకపోయినా, దాన్ని మనసులో తిప్పి చూసుకుంటూ మరో విషయాన్ని అర్థం చేసుకోవచ్చు.

మలుపు దగ్గర మొరాయించే బండి

తాటివనాలున్న నల్లగొండ పల్లెల్లో వేసవి వస్తే ముంజకాయ బండ్లు వస్తాయి. ముంజలు తిన్నాక మిగిలిన రెండు కాయల నడుమ పుల్ల గుచ్చితే ఇరుసు. ఆ ఇరుసును పంగలకర్రతో నెడితే బండి నడుస్తుంది. తిన్నగా పోయినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. మలుపు దగ్గరే బండి మొరాయిస్తుంది.

కారణం లెక్క వేసి చూడవచ్చు. రెండు కాయల మధ్య దూరం ఒక అడుగు అనుకుందాం. వచ్చిన దారినే వెనుదిరగాలంటే బండి అర్ధవృత్తం తిరగాలి. లోపలివైపు కాయ 2 అడుగుల వ్యాసార్ధంలో తిరిగితే అది నడిచే దూరం 6.28 అడుగులు. బయటివైపు కాయ వ్యాసార్ధం 3 అడుగులు కాబట్టి అది 9.42 అడుగులు నడవాలి. తేడా 3.14 అడుగులు. మలుపును బాగా పెద్దది చేసి లోపలి కాయను 10 అడుగుల వ్యాసార్ధంలో తిప్పితే దూరాలు 31.42, 34.56 అవుతాయి. తేడా మళ్లీ 3.14 అడుగులే. అర్ధవృత్తం ఎంత పెద్దదైనా ఈ తేడా మారదు, ఇరుసు పొడవు మారితేనే మారుతుంది.

బండి తోలే పిల్లవాడికి ఈ అంకెలు తెలియవు. అయినా అంకెల వెనుక ఉన్న సంగతి అతని చేతికి తెలుసు. పుల్ల రెండు కాయల్లోనూ బిగుసుకుని ఉంటే రెండూ కలిసే తిరగాలి కనుక, మలుపులో ఒక కాయ నేలను రాసుకుంటూ ఈడ్చుకుపోతుంది. ఒక కాయలో రంధ్రం వదులైతే అది తన దారిన తిరుగుతుంది, బండి తేలికగా మళ్లుతుంది. పొలంలో తిరిగే ట్రాక్టరులో వెనుక ఇరుసు మధ్య ఉండే డిఫరెన్షియల్ చేసే పని ఇదే. ఇంజను నుంచి వచ్చిన కదలికను రెండు చక్రాలకూ అవసరాన్ని బట్టి పంచుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద దమ్ము చేసే డ్రైవర్లకు దాని మరో ముఖం కూడా తెలుసు. ఒక చక్రం బురదలో జారి ఊరికే తిరుగుతుంటే డిఫరెన్షియల్ లాక్ వేస్తారు. అంటే రెండు కాయలనూ మళ్లీ ఒకే పుల్లకు బిగించడం అన్నమాట.

పాపర్ట్ కథ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన అతనికి రెండేళ్లు నిండకముందే కార్ల మీద విపరీతమైన ఆసక్తి కలిగింది. కొన్నేళ్లకు పళ్లచక్రాలు ఎలా పనిచేస్తాయో అర్థమయ్యాక, డిఫరెన్షియల్ అతనికి అన్నింటికన్నా ఇష్టమైన యంత్రం అయింది. ఎక్కాలు చదివినా పళ్లచక్రాలే కనిపించేవి. బడిలో మొదటిసారి రెండు అజ్ఞాత రాశుల సమీకరణం ఎదురైనప్పుడు, మిగతా పిల్లలకు భయం కలిగించిన ఆ లెక్క అతనికి పాత స్నేహితుడిలా కనిపించింది. 3ఎక్స్ + 4వై = 10 అన్నప్పుడు, ఎక్స్ పెరిగితే వై తగ్గాలి, మొత్తం మాత్రం మారకూడదు. ఒక చక్రం ఎక్కువ తిరిగితే రెండోది తక్కువ తిరిగే డిఫరెన్షియల్ కూడా అంతే. ఏ చక్రానికి ఎన్ని పళ్లు ఉండాలో ఊహించుకుంటూ అతను ఆ సమీకరణాన్ని మనసులో నడిపించాడు. 1980లో తన అనుభవాన్ని రాసినప్పుడు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాడు: పళ్లచక్రాలను తాను అర్థం మాత్రమే చేసుకోలేదు, ప్రేమించాడు. ఈ మాట గుర్తుంచుకోవాలి, దీని అవసరం మళ్లీ వస్తుంది.

పాపర్ట్ కథ వినగానే ముంజకాయ బండి తోలిన ప్రతి పిల్లవాడూ బీజగణితంలో దిట్ట కావాలి కదా అని అడగవచ్చు. కాలేదు. ఎందుకు కాలేదన్నదే ఈ వ్యాసానికి కీలకం.

నాలుగు చింతగింజలు చెప్పే లెక్క

ముందు ఇంకొక ఆటను చూద్దాం, ఎందుకంటే ఇందులో పరిశోధన మరింత స్పష్టంగా ఉంది. అష్టాచెమ్మా గడులు 25. బయటి వరసలో 16, లోపలి వరసలో 8, నడుమ ఒకటి. గవ్వలు లేనిచోట చింతగింజలను అరగదీసి, ఒకవైపు తెలుపు తేలేలా చేస్తారు. నాలుగు గింజలు వేస్తే తెల్లవైపు పడినవాటిని లెక్కిస్తారు. నాలుగూ తెలుపైతే చెమ్మ, నాలుగు గడులు. నాలుగూ నలుపైతే అష్ట, ఎనిమిది గడులు.

ఒక్కో గింజ తెలుపో నలుపో పడే అవకాశం సమానమని అనుకుంటే, నాలుగు గింజలు పడే తీరులు మొత్తం 16. వాటిలో ఒకటి పడే తీరులు 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మకు 1, అష్టకు 1. కాబట్టి అన్నింటికన్నా ఎక్కువగా వచ్చేది రెండు. ఎనిమిది గడులు నడిపించే అష్ట, నాలుగే నడిపించే చెమ్మ సమానంగా అరుదు. సగటున ఒక్కసారి గింజలు వేస్తే రెండున్నర గడులు. నిజమైన గింజలు, ముఖ్యంగా గవ్వలు, ఇంత సమానంగా పడవు. అరుగు మీద ఏళ్లుగా ఆడినవారికి ఏ గవ్వ ఎటు మొగ్గుతుందో కూడా తెలుసు. పదో తరగతి విద్యార్థి సంభావ్యత అధ్యాయంలో నాణేల మీద చేసే లెక్కకు ఇది అన్న లాంటిది. రెండు గడుల దూరంలో ఉన్న ఎదుటి కాయను కొట్టడానికి ఆగాలా, ముందుకు జరగాలా అని ఎనిమిదేళ్ల అమ్మాయి ఆలోచిస్తోందంటే, పేరు తెలియకుండానే సంభావ్యతను బేరీజు వేస్తోంది.

అలాగైతే ఇలాంటి ఆట ఆడితే లెక్కలు వస్తాయా? రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే పరిశోధకులు 2008లో అమెరికాలో పేద కుటుంబాల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒకటి నుంచి పది వరకు అంకెలు ఒకే వరసలో రాసిన పలక మీద, పావు గంట నుంచి ఇరవై నిమిషాల చొప్పున నాలుగు విడతలు ఆడించారు. అంత తక్కువ ఆటతోనే పిల్లలు అంకెలను పోల్చడంలో, సంఖ్యారేఖ మీద వాటి స్థానాన్ని ఊహించడంలో మెరుగుపడ్డారు. తొమ్మిది వారాల తర్వాత పరీక్షించినా ఆ మెరుగుదల నిలిచింది. అంకెల బదులు రంగులు వేసిన అదే పలక మీద ఆడిన పిల్లలకు ఆ లాభం రాలేదు. మరుసటి ఏడాది అంకెలను గుండ్రంగా అమర్చి ఆడించారు. అప్పుడూ ఆ లాభం కనిపించలేదు.

అంటే ఆట ఆడటం ఒక్కటే చాలదు, ఆటలో అంకెలు ఎలా కూర్చుని ఉన్నాయన్నది కూడా ముఖ్యం. అష్టాచెమ్మా గడుల్లో అంకెలు ఉండవు, దారి సుడి తిరుగుతుంది. అందువల్ల అది సంఖ్యారేఖను నేర్పుతుందని ఆశించడం సరికాదు. అది నేర్పేది అవకాశాల అంచనా, ముందుచూపు. వంద గడుల వైకుంఠపాళిలో మాత్రం అంకెలున్నాయి. దీనికి సరిపోయే పరిశోధన 2014లో వచ్చింది. వంద వరకు అంకెలున్న పలక మీద, 45 దగ్గర ఉండి రెండు పడినప్పుడు ‘ఒకటి, రెండు’ అని జరిపిన పిల్లలకు పెద్దగా లాభం లేదు. ‘నలభై ఆరు, నలభై ఏడు’ అంటూ జరిపినవారికి పెద్ద సంఖ్యల మీద పట్టు పెరిగింది. పలక అదే, పావు అదే. నోటితో పలికిన మాట ఒక్కటే తేడా.

ఓనగుంటల ఆటలోనూ ఇలాంటి సూక్ష్మం ఉంది. గుంటలో ఐదు గింజలున్నాయని చూడగానే, చివరి గింజ ఎక్కడ పడుతుందో లెక్కించకుండానే తెలిసిపోతుంది. గుంపును ఒక్క చూపులో సంఖ్యగా గుర్తించడం, దాన్ని దూరంగా మార్చుకోవడం రెండూ అందులో ఉన్నాయి.

చేతిలో ఉన్నది పలక మీదికి ఎందుకు రాదు?

ఇక వాయిదా వేసిన ప్రశ్నకు వద్దాం: ముంజకాయ బండి తోలిన ప్రతి పిల్లవాడూ లెక్కల్లో దిట్ట ఎందుకు కాలేదు? 1985లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే పిల్లలను పరిశోధకులు మామూలు గిరాకీల్లా లెక్కలడిగారు. పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను బడి పద్ధతిలో అంకెలుగా రాసిస్తే 37 శాతం దగ్గర ఆగిపోయారు. అది కొద్దిమంది పిల్లలతో జరిగిన అధ్యయనం. 2025లో మన దేశంలోనే, కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే వెయ్యికి పైగా పిల్లలతో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. ఫలితం అదే. బజారులో చకచకా బేరం లెక్కగట్టే పిల్లలు పుస్తకంలోని సరళమైన లెక్కల దగ్గర తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు పుస్తకపు లెక్కలు చేసినా, బజారు లెక్కల దగ్గర చిక్కుకున్నారు.

నేర్పు ఉంది, కానీ అది ఒక గదిలో నుంచి ఇంకో గదిలోకి దానంతట అది నడిచి రాదు. వస్తువుకు ఉన్న ఒక గుణమే ఇందుకు కారణమని మనస్తత్వవేత్త జూడీ డెలోచ్ ప్రయోగాలు చూపిస్తాయి. ఆమె ఒక గదికి అచ్చంగా చిన్న నమూనా గది చేసి, అందులో ఒక బుల్లి బొమ్మను దాచి, పెద్ద బొమ్మ పెద్ద గదిలో అదే చోట దాక్కుందని పిల్లలకు చెప్పింది. మూడేళ్ల పిల్లలు చాలావరకు కనిపెట్టారు. రెండున్నరేళ్ల పిల్లల్లో ఎక్కువమంది కనిపెట్టలేకపోయారు. నమూనా గదిలో బుల్లి బొమ్మ ఎక్కడుందో మాత్రం వాళ్లకూ గుర్తుంది. ఈ చిన్న గది ఆ పెద్ద గదికి గుర్తు అన్న సంగతే వాళ్లకు అందలేదు. అసలు విశేషం తర్వాత ఉంది. మూడేళ్ల పిల్లలను ముందుగా ఆ నమూనాతో కాసేపు ఆడుకోనిస్తే, వాళ్లు మునుపటికన్నా తక్కువగా కనిపెట్టారు. నమూనాను గాజు వెనుక పెట్టి ముట్టుకోనివ్వకపోతే రెండున్నరేళ్ల పిల్లలు మునుపటికన్నా బాగా కనిపెట్టారు.

వస్తువు ఎంత ఆకర్షణీయంగా ఉంటే అది అంతగా వస్తువుగానే మిగిలిపోతుంది, మరొకదానికి గుర్తుగా మారడం అంత కష్టమవుతుంది. ఒకటో తరగతిలో ఎలుగుబంటి, మామిడిపండు ఆకారాల్లో ఉండే రంగురంగుల లెక్క బిళ్లలకు ఈ ఇబ్బంది ఉంది, చింతగింజలకు తక్కువ. మన పేద బళ్లలో దొరికే వస్తువులు ఈ విషయంలో ఖరీదైన వాటికన్నా మెరుగు కావచ్చన్నది నాకు ఎంతో ఊరటనిచ్చే సంగతి.

దీనితో వస్తువులు వద్దని కొందరు వాదిస్తారు. 2008లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం, కళాశాల విద్యార్థులకు ఒక గణిత సూత్రాన్ని నిత్యజీవితపు ఉదాహరణలతో కాకుండా నేరుగా గుర్తులతో నేర్పినప్పుడే వారు దాన్ని కొత్త సందర్భానికి బాగా అన్వయించారని చూపింది. మరో వర్గం రెండింటినీ కలుపుతుంది. ముందు వస్తువు, తర్వాత దాని బొమ్మ, ఆ తర్వాత ఒట్టి గుర్తు, ఇలా మెట్టుమెట్టుగా వస్తువును వదిలించాలంటుంది. ఉదాహరణకు మొదట ఏడు గింజల్లోంచి మూడు తీయడం, తర్వాత ఏడు చుక్కల్లో మూడింటిని కొట్టివేయడం, చివరికి 7 - 3 అని రాయడం. ఆధారాలు ప్రస్తుతం ఈ నడిమి మార్గం వైపే ఎక్కువగా మొగ్గుతున్నాయని నా అంచనా. మన బళ్లలో జరిగేది రెండు కొసలే. కొన్నిచోట్ల గింజలు అసలు ఉండవు, కొన్నిచోట్ల గింజలతో ఆగిపోతారు. మధ్యలో చుక్కలు గీయించే ఆ పది నిమిషాలే పోతున్నాయి, నష్టం అక్కడే జరుగుతోంది.

డబ్బా మీది హామీలు

బజారులో దొరికే బొమ్మల సంగతి త్వరగా తేల్చవచ్చు. 2016లో పది నుంచి పదహారు నెలల పసివారి మీద జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, బ్యాటరీతో పాడే, మాట్లాడే బొమ్మలు ఉన్నప్పుడు తల్లిదండ్రులు పిల్లలతో తక్కువ మాట్లాడారు. పుస్తకాలు, మామూలు బొమ్మలు ఉన్నప్పుడు ఎక్కువ మాట్లాడారు. బొమ్మ మాట్లాడుతుంటే అమ్మ ఊరుకుంటుంది. ఆ వయసులో భాష వచ్చేది అమ్మ మాటతోనే. 2018లో మరో ప్రయోగంలో పదహారు బొమ్మలు ముందు పెట్టినప్పటికన్నా నాలుగే పెట్టినప్పుడు పసివారు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు.

కొద్దిగా ఆగి చూడాల్సినది 2011 నాటి ప్రయోగం. రకరకాల పనులు చేసే ఒక కొత్త బొమ్మను ఎలిజబెత్ బోనావిట్జ్ బృందం పిల్లల ముందు పెట్టింది. కొందరికి ‘ఇదిగో, ఇది ఇలా పనిచేస్తుంది’ అంటూ ఒక గొట్టం లాగి, కీచుమనే శబ్దం చూపించారు. ఆ పిల్లలు ఆ ఒక్క పనినే మళ్లీ మళ్లీ చేశారు. చూపించనివారు బొమ్మలోని మిగతా పనులను ఎక్కువగా కనిపెట్టారు. నేర్పితే నేర్పింది త్వరగా వస్తుంది, నేర్పనిది వెతికే పని ఆగిపోతుంది. ఇది బోధనకు వ్యతిరేకమైన ఫలితం కాదు. వైకుంఠపాళిలో అంకెలు పలకమని ఎవరో చెప్పాలి, ముంజకాయ బండిలో ఇరుసును ఎవరూ చెప్పకుండానే కనుక్కోవాలి. ఏది ఎప్పుడన్నది ఉపాధ్యాయురాలి విచక్షణ. ‘జాదూయీ పిటారా’ లాంటి పెట్టెతో వచ్చే అసలు ప్రమాదం కూడా ఇదే. పెట్టెలోని ప్రతి బొమ్మకూ ఒక పాఠం, ఒక నిమిషాల పట్టిక అతికిస్తే అది ఇంకో పాఠ్యపుస్తకం అయిపోతుంది.

నటనతో కూడిన ఆటల మీద కూడా గొప్ప వాదనలున్నాయి. కర్రపుల్లను గుర్రంగా ఊహించుకోవడంలోనే పిల్లలు వస్తువును, అర్థాన్ని విడదీయడం నేర్చుకుంటారని రష్యా మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ అన్నాడు. చాలా అందమైన ఊహ అది. అయితే ఏంజెలీన్ లిల్లార్డ్ బృందం 2013లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, అలాంటి ఆటే తెలివికి, సృజనకు కారణమని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. ఆడటం మంచిదే. అది ఏమి చేస్తుందో చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించాలి.

ఎవరి చేతికి ఏ వస్తువు

మన ఊళ్లలో గోటీలు, చిర్రగోనె, బొంగరం మగపిల్లలవి. కచ్చకాయలు, ఓనగుంటలు, బొడ్డెమ్మ, బతుకమ్మ ఆడపిల్లలవి. ఈ విభజనను నేర్చుకోవడం వైపు నుంచి ఎవరూ పెద్దగా చూడలేదు. దూరం, కోణం, వేగం అంచనా వేసే ఆటలు ఒక వైపు పోయాయి, సంఖ్యలు నిండిన ఆటలు మరో వైపు పోయాయి. స్థలాన్ని, ఆకారాలను మనసులో తిప్పి చూసే శక్తి అభ్యాసంతో పెరుగుతుందని, 217 అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణ చెబుతోంది. అమ్మాయిలకూ, అబ్బాయిలకూ అది పెరుగుతుంది. ఆ శక్తి ఇంజనీరింగ్‌కు, వైద్యానికి పనికొస్తుంది. చిర్రను గాల్లోకి లేపి కొట్టే అవకాశం అమ్మాయికి లేకపోవడం వల్ల పోయింది ఆట ఒక్కటే కాదన్నమాట. అలాగే ఓనగుంటలు ఆడని అబ్బాయి కూడా ఒకటి పోగొట్టుకున్నాడు.

మగ్గం ఉన్న ఇంట్లో పెరగడం

మూడో వాదన మిగిలింది. చిన్నప్పటి వస్తువు జీవితాంతం మన ఆలోచనను నడిపిస్తుందా?

మెక్సికోలోని చియాపాస్ ప్రాంతంలో మాయా తెగకు చెందిన అమ్మాయిలు మూడు నాలుగేళ్లకే బొమ్మ మగ్గం మీద నేత మొదలుపెడతారు. పట్రీషియా గ్రీన్‌ఫీల్డ్ 1970 ప్రాంతంలోనూ, మళ్లీ 1990ల మొదట్లోనూ వారిని అధ్యయనం చేసింది. బొమ్మ మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాల వరస, కళ్ల ముందే కనిపిస్తుంది. పెద్ద మగ్గానికి పడుగును ముందుగా వేరే చట్రం మీద చుట్టాలి. అక్కడ చుట్టిన ఆకారం, మగ్గం మీదికి వచ్చాక వేరుగా ఉంటుంది. ఆ మార్పును మనసులో ఊహించగలిగిన వయసు వచ్చాకే అమ్మాయికి ఆ చట్రం ఇస్తారు. ఏ వయసుకు ఏ వస్తువు తగినదో ఆ తల్లులు పియాజేను చదవకుండానే కనిపెట్టారు.

మన పోచంపల్లి, పుట్టపాక నేతలో ఇలాంటి చట్రమే ఆసు. అడ్డంగా పోయే పేకదారాన్ని ఆసు మేకుల మీద అర్ధచంద్రాకారంగా పరిచి, రంగు అంటకూడని చోట బిగించి చిటికి కట్టి, రంగు అద్దుతారు. మేకుల మీద ఉన్న నమూనా బట్ట మీద ఎలా సర్దుకుంటుందో ముందే ఊహించాలి. ఒక చీరకు వేలసార్లు చెయ్యి ముందుకూ వెనక్కూ కదపాలి. అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపి నేతపనిలోకి వచ్చాడు. ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఆ పని చేసే యంత్రం తయారు చేయడానికి పూనుకున్నాడు. ఏళ్ల తరబడి విఫలమై, హైదరాబాద్ బాలానగర్‌లో ఒక యంత్రంలో చూసిన కదలికతో చివరి చిక్కు విప్పుకుని, 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు కదలికలను అంతగా చూసి ఉండటం వల్లే, వాటిని ముక్కలు ముక్కలుగా విడదీసి చెక్కతో, మోటారుతో తిరిగి కట్టగలిగాడని అనుకోవడం సహేతుకమే. పాపర్ట్‌కు పళ్లచక్రాలు ఎలాగో మల్లేశానికి ఆసు అలాగ.

అయినా ఈ కథల నుంచి సూత్రం తీయడానికి రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, ఆసు ఆటవస్తువు కాదు, అమ్మ భుజాన్ని అరగదీసిన పనిముట్టు. నేత ఇంట్లో పిల్లలు పని చూసి నేర్చుకోవడాన్ని మెచ్చుకుంటూ, బడి మాన్పించి కండెలు చుట్టించడాన్ని కూడా మెచ్చుకునే ప్రమాదం ఉంది. గ్రీన్‌ఫీల్డ్ చూసిన బొమ్మ మగ్గానికి, బాలకార్మికుడి చేతిలోని కండెకు మధ్య తేడా ఒత్తిడి. మొదటిదాన్ని పిల్ల ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలేయవచ్చు. రెండు, ఆలేరు చుట్టుపక్కల ఆసు చూస్తూ పెరిగిన పిల్లలు ఎందరో ఉన్నారు. యంత్రం చేసినది ఒక్కరు. గెలిచినవారి చిన్ననాటి వస్తువులను మాత్రమే మనం వెతుకుతాం, అవే వస్తువులతో పెరిగి మామూలుగా బతికినవారిని లెక్కలోకి తీసుకోం.

ఈ రెండో ఇబ్బంది పాపర్ట్‌కు తెలుసు. పిల్లలందరికీ పళ్లచక్రాలు పంచి, తర్వాత పరీక్షలు పెట్టి ఫలితం కొలిస్తే తన అనుభవంలోని అసలు విషయం చేజారిపోతుందని అతనే రాశాడు. పళ్లచక్రాలు అతనికి పనిచేసింది అతను వాటిని ప్రేమించాడు కాబట్టి. మరొకరు ప్రేమించేది మరొకటి కావచ్చు. అందుకే అందరికీ ఒకే వస్తువు ఇవ్వాలన్న ఆలోచన వదిలి, ఎవరికి కావలసిన రూపం వారికి ధరించగల వస్తువు కోసం వెతికాడు. 1967లో సహచరులతో కలిసి పిల్లల కోసం రూపొందించిన లోగో అనే కంప్యూటర్ భాష ఆ వెతుకులాటలో పుట్టింది. పిల్లలు ఆజ్ఞలు రాస్తే తెర మీద తాబేలు అనే చిన్న గుర్తు కదులుతూ గీతలు గీసేది. తెర మీద కదిలేదాన్ని చూస్తూ కూర్చోవడం ఒకటి, కదిలేదానికి ఆజ్ఞ ఇచ్చి అది తప్పితే సవరించుకోవడం మరొకటి. ఇప్పుడు మన పిల్లల చేతిలో ఉన్న ఫోను రెండు పనులూ చేయగలదు. అంగన్‌వాడీ అరుగు మీదనైనా, గేటెడ్ కాలనీ బాల్కనీలోనైనా అది ప్రస్తుతం ఎక్కువగా చేస్తున్నది మొదటి పనే.